మన ఖబరస్తాన్‌లో ఏ చెట్టు నాటుదాము?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



చెట్లను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఏలూరు కాలువ గట్టు మీద ముప్పై యేళ్ళకు పైగా సైకిలు తొక్కినవాణ్ణి. నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు దాకా ఆ గట్టు నాకు మా ఇంటి వసారా లాంటిది. ఏ చెట్టు గాలికి నిలబడింది, ఏది కూలింది, మే నెల మిట్టమధ్యాహ్నం ఏ చెట్టు క్రింద కూర్చుని టిఫిను క్యారియరు విప్పుకోవచ్చును, ఇవి మాత్రం నాకు తెలుసు. ఆ తెలిసింది చెబుతాను. తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

సంగతి ఏమిటంటే, ఖబరస్తాన్‌లోను, ఈద్గాలోను, మన బడి ఆవరణలోను మొక్కలు నాటాలని యీ యేడు కమిటీ తీర్మానం చేసింది. చాలా సంతోషం. అయితే ఏ మొక్క అన్న దగ్గర మాటామాటా వచ్చింది. కువైట్ నుండి తిరిగివచ్చిన కుర్రవాళ్ళు కొందరు ఒక చెట్టు పేరు చెప్పారు. అక్కడ రోడ్ల ప్రక్కన పచ్చటి గోడలాగా పెరుగుతుందట, రెండేళ్ళలో మనిషి ఎత్తు దాటుతుందట. దాని పేరు కోనోకార్పస్. ముసలివాళ్ళు వేప అన్నారు. ఇంకొకరు తురాయి అన్నారు, ఎర్రగా పూస్తుంది, అందంగా వుంటుంది అని. చివరకు నన్ను పిలిచారు.

చెట్ల పేర్లు చెప్పేముందు ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను ఇంత పట్టుగా ఎందుకు మాట్లాడుతున్నానో మీకు తెలియదు.

2015 మే నెల మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. ఆ వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లోనే మా బావగారు కాలం చేశారు. ఆయనది మన ప్రాంతంలోనే ఒక వూరు, పేరు అనవసరం. జొహర్ నమాజు తర్వాత జనాజా తీసుకుని ఖబరస్తాన్‌కు వెళ్ళాము. ఆ ఖబరస్తాన్‌లో నా చిన్నతనంలో పదిపన్నెండు వేపచెట్లు వుండేవి. ప్రహరీగోడ కట్టేటప్పుడు అడ్డం వచ్చాయని కొట్టించి, కలప వేలం వేసి, ఆ డబ్బు గోడకే వాడారు. గోడ చక్కగా వచ్చింది. నీడ పోయింది. నేల గట్టిగా వుండి ఖబరు తవ్వడం ఆలస్యమయింది. ముప్పావుగంట సేపు నూటయాభైమందిమి ఎండలో నిలబడ్డాము. మా బావగారి పెద్దన్నగారికి డెబ్బయ్యారేళ్ళు. రుమాలు తడిపి తలకు కట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడు. రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాము. బ్రతికాడు, అల్హమ్‌దులిల్లాహ్, కాని ఆ తర్వాత మాట సరిగా రాలేదు. తమ్ముడికి మట్టి వేయలేకపోయానని ఆయన చేతులతో సైగ చేసి చెప్పేవాడు.

కాబట్టి సోదరులారా, ఖబరస్తాన్‌లో చెట్టు అలంకారం కాదు. మే నెలలో మయ్యత్ వెంట వచ్చిన ముసలివాడు నిలబడేందుకు చోటు. ఏ మొక్క తెచ్చినా, “మే నెలలో దీనికి ఆకు వుంటుందా?” అని మొదట అడగాలి.

ఇలా అడిగితే తురాయి వెనక్కు పోతుంది. తురాయి మనది కాదు, మడగాస్కర్ దీవి నుండి వచ్చిన చెట్టు. వేసవి మొదట్లో ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది, తర్వాత ఎర్రగా పూస్తుంది, ఆకు నిండుగా పట్టేసరికి వానలు దగ్గర పడతాయి. ఫోటోకు బాగుంటుంది, తలకు నీడ ఇవ్వదు. రేల చెట్టు కూడా ఇంచుమించు ఇంతే. బంగారుగుత్తులు వ్రేలాడుతాయి, క్రింద నిలబడితే ఎండ మాడ్చేస్తుంది. వేప, కానుగ అలా కాదు. రెండూ మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాది వేళకు చిగురించి, మన ఎండలు ముదిరేసరికి గొడుగు విప్పుతాయి. చింత, నేరేడు, పొగడ యెప్పుడూ పచ్చగానే వుంటాయి. కాలువ గట్టు మీద నా క్యారియరు యెక్కువగా కానుగ క్రిందనే విప్పాను. ఆ నీడ చిక్కన. మేక కూడా కానుగ మొక్కను అంతగా ముట్టదు. మన వీధుల్లో మేకలు ఎన్నో, బక్రీద్ ముందు మరీ ఎన్నో, మీకు తెలియనిది కాదు.

రెండవ సంగతి నేల. బయటివాళ్ళు మన ప్రాంతమంతా గోదావరి నీళ్ళు, పచ్చని పొలాలు అనుకుంటారు. కాలువకు ఉత్తరాన కొంచెం దూరం నడిస్తే తెలుస్తుంది. ఏలూరు నుండి పెదవేగి వైపు, గూడెం నుండి వెంకట్రామన్నగూడెం వైపు వెళితే ఎర్రనేల, మెట్ట. వాన జూన్ నుండి అక్టోబరు దాకానే. తక్కిన ఏడు నెలలు నేల పొడి. బోరు లేకుంటే గడ్డి కూడా ఎండుతుంది. 2007 లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకట్రామన్నగూడెంలోనే పెట్టారు. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ పెదవేగిలో వుంది. ఆ పామాయిల్ తోటలు చూచి మెట్టలో నీళ్ళకేం తక్కువ అనుకోకండి, ఆ పచ్చదనమంతా బోరు నీళ్ళది. కాలువకు దక్షిణాన నల్లరేగడి. వానాకాలంలో బురద, వేసవిలో చెయ్యి దూరేటంత బీటలు. ఇంకా దక్షిణానికి, పడమటికి పోతే కొల్లేరు. అక్కడ సమస్య వేరు. వరదకు మొక్క మొదలు నెలల తరబడి నీళ్ళలో వుంటుంది. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు యెగదన్ని ఉప్పు చేరుతుంది. ఇరవై ముప్పై మైళ్ళలో మూడు దేశాలున్నట్టు! 2022 ఏప్రిల్ 4 న జిల్లాలు విడగొట్టి ఏలూరు ఒక జిల్లా, గూడెం వేరొక జిల్లా చేశారు. నేల మాత్రం కలెక్టరు ఆఫీసును చూచి మారదు.

అందుచేత “వేప మంచిది, అందరూ వేప నాటండి” అని నేను చెప్పను. వేప ఎర్రనేలకు రాజు. వేరు లోతుకు పోతుంది, రెండేళ్ళు సాకితే తర్వాత మనల్ని నీళ్ళడగదు. కాని మొదట్లో నీళ్ళు నిలిస్తే వేప చచ్చిపోతుంది. కైకలూరు ప్రక్కన మా బంధువులు మసీదు ఆవరణలో పదిహేను వేపలు నాటారు. ఒక్క వరదకు ఒక్కటీ మిగలలేదు. నన్ను అడిగి నాటారు కాబట్టి ఆ తప్పు నాది. అప్పటికి నేనూ అందరి లాగానే వేప యెక్కడైనా బ్రతుకుతుందనే అనుకునేవాణ్ణి. తర్వాత అక్కడ గంగరావి, కానుగ నాటించాను, బ్రతికాయి. గంగరావి సముద్రపు ఒడ్డు చెట్టు. ఉప్పుకు, గాలికి ఓర్చుకుంటుంది, పసుపుపచ్చని పువ్వు సాయంత్రానికి ఎర్రబారుతుంది, కొమ్మ పాతినా నాటుకుంటుంది. తెల్లమద్ది, నేరేడు, నల్లతుమ్మ కూడా తడి నేలకు ఓర్చుకునేవే. తుమ్మకు ముళ్ళున్నాయి గనుక పిల్లలు తిరిగేచోట వద్దు.

ఇంకొక మాట. ఒకే జాతి నాటకండి. 2021 లో తెలుగు ప్రాంతాల్లో వేపచెట్లకు ఎండుతెగులు తగిలి, పచ్చని చెట్లు కొసల నుండి మాడిపోయినట్టయ్యాయి. జనం వేపకే కాలం చెల్లిందన్నారు. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. అయినా ఆ వేసవి అంతా వేపలే వున్నచోట నీడ లేదు. నాలుగు జాతులుంటే ఒకటి పడకేసినా మూడు నిలబడతాయి.

ఇక కువైట్ అబ్బాయిల చెట్టు. వారి మీద నాకు కోపం లేదు. వూరి కోసం ఆలోచించారు. కోనోకార్పస్ పుట్టిల్లు అమెరికా, పడమటి ఆఫ్రికాల ఉష్ణప్రదేశాల సముద్రతీరం. మడ అడవుల ప్రక్కన పెరిగే చెట్టు. ఇసుక, ఉప్పునీరు, వేడి, దేనికీ వెనుకాడదు. అందుకే గల్ఫ్ దేశాల్లో వాడారు. పెరగడంలో దానికి సాటి లేదు, నేను ఒప్పుకుంటాను. కాని నీటికోసం వేరు యెంత దూరమైనా పోతుంది. పైపు కీలు, మురుగుకాలువ, సెప్టిక్ ట్యాంకు దొరికితే దూరుతుంది. ఆ బాధ గల్ఫ్ వాళ్ళే పడ్డారు. మన ప్రక్క వూళ్ళలో డివైడర్ల మీద నాటి, తర్వాత కొట్టించినవారూ వున్నారు. 2023 లో గుజరాత్ ప్రభుత్వం దీన్ని నాటవద్దని ఆజ్ఞ వేసింది. 2025 లో తమిళనాడు కూడా వేసింది. దీని పుప్పొడివల్ల ఉబ్బసం వస్తుందని అంటారు. ఆ విషయంలో పండితులే రెండు వర్గాలుగా వున్నారు, కాబట్టి నేను దాని జోలికి పోను. నాకు వేర్ల మాట ఒక్కటే చాలు. ఖబరస్తాన్‌లో, పెద్దలు పడుకున్నచోట, అటువంటి వేరు నాటుదామా?

వైజాగ్ సంగతి కూడా వినండి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫానుకు ఆ వూరి చెట్లు లెక్కలేనన్ని పోయాయి. ఆ తర్వాత త్వరగా పచ్చబడాలని ఏడాకులపాల మొక్కలు చాలా నాటారు. చెట్టు మన దేశానిదే, చక్కనిది. కాని వందలు వందలుగా ఒక్కచోట పూస్తే శీతాకాలం ముందు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అని జనం మొరపెట్టుకున్నారు. ఒకటి రెండయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తుఫాను మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1990 మే తుఫాను, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను, మన ప్రక్కనే జరిగినవి. గాలి తర్వాత గట్టు మీద పడ్డ చెట్లను తొలగించే పని మాదే. నేను చూచినంతలో తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు వంటివి కొమ్మలు విరిగి గాని, వేళ్ళతో లేచి గాని ముందు పడేవి. నిద్రగన్నేరు నీడ నిజంగా మహా వైశాల్యం, ఎడ్లబండ్లు నాలుగు నిలిచేవి. కాని గోడ దగ్గర, కరెంటు తీగ దగ్గర దానికి చోటు లేదు. చింత, వేప, గంగరావి కొమ్మ పోగొట్టుకున్నా మొదలు నిలుపుకునేవి. పడ్డవాటిలో ఒక విచిత్రం కనబడేది. కొన్నింటి వేరు బుట్ట అల్లినట్టు గుండ్రంగా చుట్టుకుపోయి వుండేది. ప్లాస్టిక్ సంచిలో యెక్కువకాలం వుంచి, పొడుగు చూచి మోజుపడి కొన్న మొక్కలవి. కడియం వెళ్ళినప్పుడు అటువంటి ఎనిమిదడుగుల మొక్కలు మిమ్మల్ని ఆకర్షిస్తాయి. వద్దు. రెండు మూడడుగులది తీసుకోండి, సంచి విప్పి వేరు చూడండి, చుట్టుకొని వుంటే వదిలేయండి.

ఈద్గాకు వస్తాను. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చెట్లన్నీ కిబ్లా గోడ వెంట నాటుతారు, అందంగా వుంటుందని. ఈద్ నమాజు ప్రొద్దున్నే జరుగుతుంది. సూర్యుడు తూర్పున, మన వీపు వెనుక వుంటాడు. పడమటి గోడ దగ్గరి చెట్టు నీడ గోడ అవతల పొలంలో పడుతుంది. నీడ మన సఫ్‌ల మీద పడాలంటే చెట్లు తూర్పు హద్దున వుండాలి. మే నెలలో ఎనిమిది గంటలకు చెట్టు నీడ దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వుంటుంది. ముప్పయ్యడుగుల చెట్టు నలభయ్యయిదు అడుగుల దూరం కాపాడుతుంది. నేరేడు మాత్రం అక్కడ వద్దు. ఆ పండు రాలితే కొత్త తెల్లబట్టల గతి ఏమవుతుందో ఇళ్ళలోని ఆడవారిని అడగండి. మర్రి, రావి, జువ్వి మీద పక్షులు చేరతాయి, ఇదే బాధ. పైగా వాటి వేరు గోడను చీలుస్తుంది. పొగడ, కానుగ, వేప చాలు.

“ఈద్ ఎప్పుడూ ఎండాకాలంలో రాదు కదా” అని కమిటీలో ఒక తమ్ముడు అన్నాడు. నిజమే. చంద్రమానం కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రంజాన్ ఈద్ 2018 లో జూన్‌లోను, 2022 లో మే మొదట్లోను వచ్చింది. బక్రీద్ 2024 లో జూన్ 17 న, 2025 లో జూన్ 7 న వచ్చింది. ఈ చక్రం పూర్తిగా తిరగడానికి సుమారు 33 సంవత్సరాలు పడుతుంది. అంటే ఇప్పుడు నాటిన వేప నిండుగా గుబురుకట్టిన రోజుల్లో, 2050 ప్రాంతాల్లో, రంజాన్ ఈద్ మళ్ళీ నడివేసవిలోకి వస్తుంది. నేనుండను. ఇక్కడ వెనుక వరుసలో అల్లరి చేస్తున్న యీ బుడుతలు అప్పటికి నడివయసువాళ్ళై అక్కడ నిలబడతారు. నాటిన చెట్టు ఫలం మనిషి తిన్నా పక్షి తిన్నా అది నాటినవాడి సదకాయే అన్న మాట మీకందరికీ తెలుసు. నీడ కూడా అందులోనిదేనని నా బుద్ధికి తోస్తుంది. ఆలిమ్‌లు సరిచేయాలి.

పక్షి అంటే కొల్లేరు జ్ఞాపకం వచ్చింది. 1946 లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల స్థావరం కనిపెట్టాడు. అప్పటికి దాదాపు మూడువేల గూడబాతులు గూళ్ళు పెట్టివున్నాయట. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేకుండా పోయింది. కొల్లేటిని 1999 లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002 లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006 లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇప్పుడు ఆటపాక వెళితే గూడబాతులు మళ్ళీ కనబడతాయి, ఎంతో సంతోషం. కాని గూడు పెట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు పాతారు. పిల్లల్ని తీసుకువెళ్ళి చూపించండి. పెద్ద చెట్టు పోతే తిరిగి రావడానికి యెంతకాలం పడుతుందో, ఆ స్టాండ్లను చూస్తే నేను చెప్పక్కరలేకుండానే తెలుస్తుంది.

ఖబరస్తాన్‌లో నా సలహా ఇది. సమాధుల మధ్య నాటవద్దు. రేపు ఖబరు తవ్వేచోట వేరు అడ్డం వచ్చి గొడ్డలి పెట్టవలసి వస్తుంది. ప్రహరీకి ఎనిమిది పదడుగులు లోపల, బాట ప్రక్కన నాటాలి. మనది కాలువకు దగ్గర నల్లనేల కనుక కానుగలు, గంగరావులు యెక్కువ. మెరక వున్న తూర్పు మూలన వేపలు. గేటు దగ్గర, జనాజా నమాజు చదివేచోట నాలుగు పొగడలు. మూలన ఒక రేగు చెట్టు తప్పక వుండాలి. మయ్యత్‌కు గుసుల్ చేయించడానికి రేగాకు కోసం అర్ధరాత్రి వీధి వీధి తిరిగిన అనుభవం ఇక్కడ చాలామందికి వుంది. కంచెకు గోరింట, ఆడపిల్లలు ఈద్‌కు కోసుకుంటారు, కత్తిరించినకొద్దీ చిక్కబడుతుంది, మీరు కోనోకార్పస్‌ను చూచి ముచ్చటపడిన పచ్చటి గోడ దీనితోనే వస్తుంది. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే.

నాటడం ఫోటో తీయించుకున్నంత సులువు. రెండు వేసవులు నీళ్ళు పోయడం కష్టం. ఇదివరకు మన ఈద్గాలో యేం జరిగిందో మీకు తెలుసు: ఒకే రోజున అరవై మొక్కలు, పూలదండలు, ప్రసంగాలు, మరుసటి ఏప్రిల్‌కు అరవై కర్రలు. ఆ ప్రసంగాల్లో ఒకటి నాదే. ఈసారి ఇరవై మొక్కలు చాలునని కమిటీకి మనవి. గజం లోతు, గజం వెడల్పు గొయ్యి ముందే తవ్వి ఎండనివ్వాలి. నల్లమట్టి అయితే ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, మొక్క మొదలు చుట్టూరా మట్టం కంటే కొంచెం మెరకగా చెయ్యాలి, నీరు నిలవకుండా. ఎర్రనేల అయితే దీనికి తిరగేసి, పళ్ళెంలా పల్లంగా చెయ్యాలి, నీరు నిలిచేటట్టు. ప్రక్కన ఒక మట్టికుండ అడుగున చిల్లి పెట్టి, వత్తి దూర్చి మెడదాకా పాతితే, వారానికి రెండుసార్లు నింపితే సరిపోతుంది. ఎండుటాకు మొదట్లో కప్పండి, ఊడ్చి తగలబెట్టకండి.

నీళ్ళు ఎక్కడివి అంటారా? మన మసీదులో రోజుకు అయిదుపూటలా వుజూ చేసిన నీరు మురుగుకాలువలోకి పోతోంది. అందులో సబ్బు లేదు, నూనె లేదు. వుజూఖానా తూము దగ్గర ఒక చిన్న తొట్టి కట్టించి, అక్కడి నుండి పైపు వేస్తే బడి ఆవరణలోని మొక్కలకు ఒక్క చుక్క కొనక్కరలేదు. ముతవల్లిగారు ఇక్కడే వున్నారు, తల ఊపుతున్నారు, అది అంగీకారమనే తీసుకుంటున్నాను. ఖబరస్తాన్ దూరం కనుక అక్కడికి మనుషులు కావాలి. ఒక్కొక్క మొక్క ఒక్కొక్క ఇంటికి అప్పగిద్దాము. శుక్రవారం జుమా తర్వాత ఇంటికి ఒకరు, ఒక బిందె. మొక్క ప్రక్కన దాత పేరు పలక పెట్టవద్దని నా వ్యక్తిగత అభిప్రాయం; నీళ్ళు పోసే వంతు ఎవరిదో ఆ కాగితం మసీదు నోటీసు బోర్డు మీద పెడితే మేలు.

తొలకరి రెండు మంచి వానలు పడ్డాక, జూలైలో, మొదటి ఆదివారం ఫజర్ తర్వాత గోతులు తవ్వడం మొదలుపెడదాము. మా ఇంట్లో రెండు గునపాలు, ఒక పార వున్నాయి. ఇంకా నాలుగు పారలు కావాలి. ఎవరి దగ్గరున్నాయో కార్యదర్శిగారికి ఇప్పుడే చెప్పి భోజనాలకు లేవండి. సెలవు.